పేలిన గొట్టం సాక్ష్యం చెప్పదు

ఇంట్లో కూరిన రాకెట్ మోటారు, అంటే రాకెట్‌ని తోసే మందు గొట్టం, ఎందుకు పేలిందో ఇంట్లో కూర్చుని తేల్చలేం. చేతులు కాలతాయి, కళ్ళు పోతాయి, పోలీసులు వస్తారు అని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. అవన్నీ నిజమే. కానీ ఆ మాటలు కుర్రాళ్ళ చెవికి ఎక్కవు, పైగా కొందరికి హుషారు కూడా ఇస్తాయి. నేను చెప్పదలచుకున్నది వేరు. జువ్వ మందు కూరిన గొట్టాలతో ప్రయోగాలు చేస్తే, ప్రమాదం సంగతి అలా ఉంచండి, నేర్చుకునేది కూడా ఏమీ ఉండదు. తప్పు ఎక్కడ జరిగిందో వెతకడానికి కావలసిన ఆధారాలన్నీ ముందే కాలిపోతాయి.

ఈ గోల నాకు అంటించింది మా మేనల్లుడు. విజయవాడ పటమటలో ఉంటాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి క్లాసులో కొందరు దీపావళికి తారాజువ్వలు కూరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు. పండగ అయ్యాక మిగిలిన మందుతో "అసలైన రాకెట్" చేద్దామనుకున్నారు. వెదురు పుల్లకి బదులు రెక్కలు, ముందు కోసుగా అట్ట టోపీ, వెనక కాగితపు గొట్టం. ఒకటి లేచింది. ఒకటి నేలమీదే బుస్సు బుస్సుమంటూ ఆగి ఆగి మండింది. ఇంకొకటి పేలి, రెక్కలు ఎటు పోయాయో కనిపించలేదు. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. వీడియో నాకు పంపి వాడు అడిగింది ఇది: "మావయ్యా, మందు బిగువు తగ్గిందా, మూతి దగ్గర మట్టి ఎక్కువైందా? అది చెప్పు చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

అది చెప్పడం కుదరదన్నాను. నేనే కాదు, ఆ వీడియో చూసి ఎవరూ చెప్పలేరు.

వాడు నన్నే ఎందుకు అడిగాడంటే, నా ఉద్యోగం గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో. అమ్మోనియా కంప్రెసర్లు, కండెన్సర్లు, రిసీవర్ ట్యాంకులు చూసుకోవడం నా పని. ప్రెజర్ గేజుల మధ్యే జీవితం గడిచిపోతోంది. మా దగ్గర ఏదైనా తేడా వస్తే వెతకడానికి ఒక పద్ధతి ఉంది. లాగ్ బుక్కులో గంట గంటకీ రాసిన రీడింగులు ఉంటాయి. సేఫ్టీ వాల్వు ఎత్తుకుంటే ఏ ప్రెజర్ దగ్గర ఎత్తుకుందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, తేడా వచ్చిన యంత్రం తేడా వచ్చాక కూడా అక్కడే ఉంటుంది. విప్పి చూడొచ్చు. గాస్కెట్ ఎక్కడ తిన్నదో, వాల్వు ప్లేటు ఎక్కడ విరిగిందో కళ్ళకి కనిపిస్తుంది.

ఇక జువ్వ గొట్టం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గట్టిగా కూరిన మందు ఒక ముద్దలా ఉంటుంది. నిప్పు దాని పైమీదే పాకుతూ పొరపొరగా లోపలికి దిగుతుంది. ఎంత వైశాల్యం మండుతుంటే అంత గ్యాసు పుడుతుంది. అది పోవడానికి ఉన్న దారి మూతి ఒక్కటే. పుట్టే గ్యాసు, పోయే గ్యాసు సమానమైన దగ్గర లోపలి ప్రెజర్ నిలబడుతుంది. ఇంతవరకూ మా అమ్మోనియా లెక్కలాంటిదే. తేడా ఏమిటంటే, ప్రెజర్ పెరిగేకొద్దీ మందు ఇంకా వేగంగా మండుతుంది. వేగం పెరిగితే గ్యాసు పెరుగుతుంది, గ్యాసు పెరిగితే ప్రెజర్ మళ్ళీ పెరుగుతుంది. మండే వేగం ప్రెజర్‌కి ఒక ఘాతంగా ఉంటుందని రాకెట్ పుస్తకాలు చెప్తాయి. ఆ ఘాతాంకం ఒకటి కంటే తక్కువ ఉన్నంతసేపూ మోటారు ఎక్కడో ఒకచోట నిలదొక్కుకుంటుంది. ఉదాహరణకి 0.5 అనుకోండి. మండే వైశాల్యం రెట్టింపైతే ప్రెజర్ నాలుగింతలవుతుంది. 0.7 అనుకుంటే పదింతలవుతుంది.

ఇప్పుడు ఆ ముద్దలో వెంట్రుకవాసి బీట ఉందనుకుందాం. బయటికి కనపడదు, తూకంలో తేలదు. మంట అక్కడిదాకా వచ్చేసరికి బీటలోకి దూరుతుంది, ఒక్కసారిగా రెండు గోడలు అదనంగా అంటుకుంటాయి. కాగితపు గొట్టం తట్టుకునేది మామూలు ప్రెజర్‌కి ఇంకొంచెం ఎక్కువ, అంతే. పదింతల మాట దేవుడెరుగు, రెండింతలకే చీలిపోతుంది.

బీట ఒక్కటే కారణమా అంటే అదీ కాదు. కూరేటప్పుడు మధ్యలో గాలి సందు మిగిలి ఉండొచ్చు. మందు ముద్దకీ గొట్టం గోడకీ మధ్య అంటు వదిలి, మంట పక్కనుంచి కిందికి జారిపోయి ఉండొచ్చు. మట్టి పెళ్ళ ఊడి మూతికి అడ్డం పడి ఉండొచ్చు. గొట్టం చుట్టినప్పుడు ఒక పొరకి జిగురు అందకపోయి ఉండొచ్చు. మందే ఈసారి మెత్తగా నూరుకుని వేగంగా మండి ఉండొచ్చు. ఇన్ని కారణాలకీ చప్పుడు ఒకటే. కింద దొరికేది కూడా ఒకటే, చిరిగిన కాగితం.

పేలిన క్షణాన్ని బట్టి కొంత ఊహించొచ్చని వాదించేవాళ్ళు ఉన్నారు. వత్తి అందుకున్న వెంటనే పేలితే మూతి దగ్గర, లేదా మొదట అంటుకునే భాగంలో తేడా ఉందని. కాసేపు బాగా మండి పేలితే లోపల బీటో, అంటు వదిలిన చోటో ఉందని. ఆ వాదనలో బలం ఉంది. కానీ అది అనుమానితుల పేర్లు తగ్గిస్తుందే తప్ప దొంగని పట్టివ్వదు. మళ్ళీ ఇంకొకటి కూరి పేలిస్తే, అది పాతదాని గురించి ఏమీ చెప్పదు. అది కొత్త గొట్టం, కొత్త ముద్ద, కొత్త బీట.

ఆగి ఆగి మండిన గొట్టం సంగతి ఇంకా చిత్రం. మా వాడికి అది నిరపాయమైన లోపంలా కనిపించింది. లోపల ప్రెజర్ సరిపడా లేనప్పుడు మంట నిలకడగా ఉండదు, కాస్త మండి, కాస్త ఆరి, మళ్ళీ అందుకుంటుంది. ఎందుకు సరిపోలేదు? మందుకి చెమ్మ పట్టి ఉండొచ్చు, లేదా మట్టి మూతి అరిగి పెద్దదై ఉండొచ్చు. కుర్రాళ్ళు మూతి పెద్దదైందనే తేల్చారు, వచ్చేసారి చిన్నది చేద్దామన్నారు. అసలు కారణం చెమ్మ అయితే ఏమవుతుంది? వచ్చేసారి పొడి మందు, చిన్న మూతి రెండూ కలుస్తాయి. అంటే నిర్ధారణ తప్పితే, చేసిన మరమ్మతే బాంబు తయారుచేస్తుంది. నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఈ ముక్కే. మా ప్లాంటులో తప్పుడు వాల్వు మారిస్తే డబ్బు దండగ, అంతే.

మన వాతావరణం సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. దీపావళి వచ్చేది ఈశాన్య రుతుపవనాల రోజుల్లో. బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందంటే కృష్ణా, గుంటూరు జిల్లాల్లో గోడలకి కూడా చెమ్మే. మందు చెమ్మ పీలుస్తుంది. అందుకని గొట్టాలు డాబా మీద ఎండబెడతారు. పగలు ఎండకి వేడెక్కి, రాత్రి మంచుకి చల్లబడి, మళ్ళీ పగలు వేడెక్కి. కాగితం ఒకలా సాగి ముడుచుకుంటుంది, మందు ముద్ద ఇంకొకలా. రెండిటి మధ్య అంటు వదలడానికి అంతకంటే ఏం కావాలి? ఇది ఇంటి సరుకుకే పరిమితం కాదు. అమెరికాలో ఫ్యాక్టరీలో యంత్రం మీద నొక్కిన చిన్న బ్లాక్ పౌడర్ (తుపాకి మందు) మోటార్లను కూడా ఎండలో నిలిపిన కారులో వదిలేయొద్దని అక్కడి అభిరుచిపరులు ఒకరికొకరు చెప్పుకుంటారు. మే నెలలో బెజవాడలో ఆపిన కారులో ఎంత వేడి ఉంటుందో ఇక్కడి వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మందులో కలిపే బొగ్గు ఇంకో తలనొప్పి. ఏ కర్ర, ఎంత వేడి మీద, ఎంతసేపు కాల్చారు అన్నదాన్ని బట్టి మందు వేగం మారిపోతుంది. కూరేవాళ్ళ ఊళ్ళలో ఒక్కొక్కరు ఒక్కో కర్ర మీద ఒట్టేస్తారు, ఎవరి మాట వారిది. కిందటేడు బొగ్గు, ఈ ఏడు బొగ్గు ఒకటి కావు. అలాంటప్పుడు "ఈసారి ఒక్క మూతి మాత్రమే మార్చాం" అనే మాట నిజం కాదు. నాలుగు మారాయి, వాళ్ళకి తెలిసింది ఒకటి.

సరే, ఇంత పెద్ద ఇస్రోకే మోటార్లు చెడుతున్నాయి కదా అని మా వాడు అన్నాడు. మంచి మాటే. 2025 మే 18న శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్ఎల్వీ-సీ61 ఈఓఎస్-09 ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టలేకపోయింది. మూడో దశలో ఉండేది ఘన ఇంధన మోటారే. అది మండుతుండగా చాంబర్ ప్రెజర్ పడిపోయిందని ఇస్రో అధ్యక్షుడు ఆ రోజే చెప్పారు. గమనించాల్సింది అదే. రాకెట్ వందల కిలోమీటర్ల ఎత్తున ఉంది, పోయిన మోటారుని ఎవరూ చేత్తో ముట్టుకోలేరు, అయినా ఏ దశలో ఏ రీడింగు పడిపోయిందో అదే రోజు తెలిసింది. ఎందుకంటే లోపల సెన్సరు ఉంది, అది కింద స్టేషనుకి అంకెలు పంపుతూనే ఉంది. ఘన ఇంధన మోటార్లకి ముందే ఎక్స్‌రేలు తీసి బుడగలు, బీటలు, అంటు వదిలిన చోట్లు వెతుకుతారు. అంత సరంజామా ఉండి కూడా కారణం తేల్చడానికి కమిటీ వేయాల్సి వచ్చింది. సెన్సరూ ఎక్స్‌రే లేని వాడు ఫోన్ వీడియో చూసి తేలుస్తానంటే ఎలా నమ్మేది?

ఇక్కడ పెద్దవాళ్ళ నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. మా తాతల నాటి నుంచి కూరుతున్నాం, మాకు తెలియదా అని. వాళ్ళని తేలిగ్గా తీసేయను. విజయవాడ చుట్టుపక్కల ఊళ్ళలో తారాజువ్వ కూరడం ఒక విద్య. వేలి కొసతో నలిపి మందు బిగువు చెప్పే ముసలివాళ్ళని చూశాను. (వాళ్ళలో కొందరికి ఆ వేళ్ళు పూర్తిగా లేవన్నది కూడా చూశాను.) కానీ వాళ్ళకి కావలసింది వేరు. ఒక జువ్వ ఇంకో జువ్వలాగే పోవాలన్న నియమం వాళ్ళకి లేదు. వంకరగా పోతే నవ్వుతారు, తుస్సుమంటే ఇంకొకటి అంటిస్తారు. పొడుగాటి వెదురు పుల్ల సగం తప్పుల్ని కప్పేస్తుంది. గాలి ఒత్తిడి పనిచేసే కేంద్రాన్ని అది బాగా వెనక్కి లాగి ఉంచుతుంది, అందుకని మోటారు కాస్త అటూ ఇటూ తోసినా జువ్వ మొత్తానికి మూతి కిందికి పెట్టుకునే పోతుంది. మా కుర్రాళ్ళు పుల్ల తీసేసి పొట్టి రెక్కలు పెట్టి, పాత మోటారు మీదే కొత్త పద్ధతిలో ఆధారపడ్డారు. తాతగారి విద్యకి ఆ పరీక్ష పెట్టడం అన్యాయం.

తాతల తర్వాత టిప్పు సుల్తాన్ వస్తాడు, ఈ మాటల్లో ఎప్పుడూ వస్తాడు. నిజమే, హైదరలీ, టిప్పుల కాలంలో మైసూరు సైన్యం ఇనుప గొట్టాల రాకెట్లు వాడింది. 1780లో పొల్లిలూరు దగ్గర ఇంగ్లీషు కంపెనీ సేనని ఓడించిన యుద్ధంలో అవి ఉన్నాయి. తర్వాత ఇంగ్లండులో విలియం కాంగ్రీవ్ వాటిని చూసే తన రాకెట్లు చేశాడు. ఇనుము ఎక్కువ ప్రెజర్ ఓర్చుకుంటుంది, అందుకే దూరం పోయాయి. ఈ చరిత్ర చెప్పగానే ఎవరో ఒకడు "అయితే జీఐ పైపు వాడితే?" అంటాడు. వద్దు. ఇందులో చర్చ లేదు. కాగితం చిరిగితే చిరుగుతుంది, ఇనుము పగిలితే ముక్కలు తూటాల్లా పోతాయి. మైసూరు వాళ్ళు వాటిని గుంపులు గుంపులుగా శత్రువు మీదికి వదిలారు. పదింటిలో రెండు పేలినా, మూడు పక్కకి పోయినా వాళ్ళ పని జరిగేది. మీ మేడ మీద అలాంటి లెక్క కుదరదు.

అమెరికాలో ఈ సమస్య మనకంటే ముందు వచ్చింది. 1957 అక్టోబరు 4న స్పుత్నిక్ ఎగిరాక అక్కడి కుర్రాళ్ళు షెడ్లలో, వంటిళ్ళలో మందు కలిపి పైపుల్లో కూరడం మొదలుపెట్టారు. గాయాలయ్యాయి, ప్రాణాలు పోయాయి. అప్పటికే నెబ్రాస్కా రాష్ట్రంలో ఓర్విల్ కార్లైల్ అనే చెప్పుల దుకాణదారు, బాణాసంచా పిచ్చివాడు, ఒకసారి వాడి పారేసే చిన్న కాగితపు మోటారుతో, పారాచూట్‌తో దిగే బొమ్మ రాకెట్ చేసి ఉన్నాడు. హ్యారీ స్టైన్ అనే రాకెట్ ఇంజనీరు దాన్ని చూసి, ఇదే దారి అని పట్టుకున్నాడు. వెర్నాన్ ఎస్టెస్ ఆ మోటార్లను వరసగా నొక్కి తీసే యంత్రం కట్టాడు. అక్కడి మోడల్ రాకెట్ సంఘం పెట్టిన భద్రతా నియమాల్లో ముఖ్యమైనది, సర్టిఫై అయిన, ఫ్యాక్టరీలో చేసిన మోటార్లే వాడాలన్నది. అంటే మోటారు చేయడాన్ని కుర్రాళ్ళ చేతుల్లోంచి తీసేశాకే ఆ అభిరుచి అసలు పుట్టింది. ఆ తర్వాత వాళ్ళు దేని మీద బుర్ర పెట్టారో చూడండి. రెక్కల ఆకారం, బరువు కేంద్రం, పారాచూట్ మడత, ఎత్తు కొలత. మోటారు మీద "సీ6-5" అని ఉంటే, సీ అంటే మొత్తం తోపు (ఎంత బలంతో, ఎంతసేపు తోసిందో గుణిస్తే వచ్చేది) 5 నుంచి 10 న్యూటన్ సెకన్ల మధ్య, 6 అంటే సగటున 6 న్యూటన్లు, 5 అంటే మంట ఆరిన 5 సెకన్లకి పారాచూట్ తోసే చిన్న మందు అంటుకుంటుందని. ఈ మూడూ తెలిసిన వాడు లెక్క వేయగలడు. ఎగిరాక లెక్కకీ నిజానికీ తేడా వస్తే ఎందుకని అడగగలడు.

మనకి ఆ మధ్య మెట్టు లేదు. ఒక చివర తారాజువ్వ, ఇంకో చివర శ్రీహరికోట. మధ్యలో మా మేనల్లుడు.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, దాని కింద 2008లో వచ్చిన నియమాలు, వాటిని చూసుకునే నాగపూర్ సంస్థ పెసో. లైసెన్సు లేకుండా మందు తయారుచేయడం వీటి ప్రకారం నేరం. గంధకంతో క్లోరేటు కలిపిన మందు మీద 1992 నుంచి పూర్తి నిషేధమే ఉంది. అనుమానాస్పదంగా పేలుడు పదార్థం దగ్గర పెట్టుకుంటే వర్తించే 1908 చట్టం ఇంకా కఠినం. "సైన్సు ప్రాజెక్టు సార్" అని స్టేషన్లో చెప్పి బయటపడాలనుకునే కుర్రాడికి పాస్‌పోర్టు వెరిఫికేషన్ రోజున ఈ పేరా గుర్తొస్తుంది.

ఇంకో మాట, ఇది గుంటూరు వాడిగా చెప్తున్నాను. ఖాళీ జాగా కదా అని కుర్రాళ్ళు పొలాల వైపు పోతారు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మా వైపు పొలాల్లో కల్లాల నిండా ఎండు మిర్చి ఉంటుంది. పక్కన పత్తి కుప్పలు, గడ్డివాములు. మండుతూ పడిన కాగితం ముక్క ఒక రైతు ఏడాది మొత్తాన్ని తినేస్తుంది. కోల్డ్ స్టోరేజీకి బస్తా చేరేదాకా ఆయనకి కంటిమీద కునుకు ఉండదని నాకు బాగా తెలుసు.

మరి ఏం చేయాలి? నేను మా వాడికి నీటి రాకెట్ చూపించాను. వాడు మొహం చిట్లించాడు. "పొగ లేదు, మంట లేదు, స్కూలు పిల్లల ఆట, మావయ్యా!" మంటలో ఒక ఆకర్షణ ఉందని ఒప్పుకుంటాను, అది లేదని నటించే పెద్దవాళ్ళంటే నాకూ చిరాకే. కానీ పిల్లల ఆట అన్నదానికి మాత్రం కాగితం, పెన్ను తీశాను.

రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. అందులో 700 మిల్లీలీటర్ల నీళ్ళు, మిగతాది 60 పీఎస్ఐ దాకా గాలి. సీసా గొంతు లోపలి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు. మూతి వదిలిన క్షణంలో తోపు, ప్రెజర్‌ని గొంతు వైశాల్యంతో గుణించి రెట్టింపు చేస్తే వస్తుంది. లెక్క వేస్తే సుమారు 300 న్యూటన్లు. 30 కిలోల బస్తాని ఎత్తేంత. నీళ్ళు మొదట సెకనుకి 29 మీటర్ల వేగంతో పోతాయి, గాలి వ్యాకోచించేకొద్దీ అది 19, 20కి తగ్గుతుంది. సగటు 24 అనుకుంటే, 0.7 కిలోల నీళ్ళు ఇచ్చే మొత్తం తోపు దాదాపు 17 న్యూటన్ సెకన్లు. అమెరికా కుర్రాళ్ళ సీ మోటారు పది దాటదు. అంటే ఈ సీసా దానికి పై తరగతి, డీ. మా వాడు లెక్క రెండుసార్లు చూసుకున్నాడు. తర్వాత మొహం చిట్లించలేదు.

పైగా ఇందులో నా వృత్తి పనికొచ్చింది. ప్రెజర్ పాత్రని పరీక్షించాలంటే దాన్ని పూర్తిగా నీళ్ళతో నింపి, వాడే ప్రెజర్ కంటే పైకి పంపు కొడతాం. నీళ్ళు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి, పగిలినా చిన్న చిటుక్కుమని కారుతుంది తప్ప ముక్కలు ఎగరవు. ప్రతి సీసానీ అలా పరీక్షించి, మీద తేదీ రాసి, గీతలు పడినవీ ఎండకి పాలిపోయినవీ పారేస్తాం. మంచినీళ్ళ సీసా పలచన, పనికిరాదు, గ్యాసు ఉన్న కూల్‌డ్రింక్ సీసాయే కావాలి. గేజు ఉన్న కాలి పంపు, సైకిల్ వాల్వు, పీవీసీ పైపు, నైలాన్ టైలు, దూరం నుంచి లాగే తాడు. రెక్కలకి ఫ్లెక్సీ షాపుల్లో మిగిలిపోయే సన్‌బోర్డు ముక్కలు. గాలి కొట్టేటప్పుడు ఎవరూ దాని మీద వంగకూడదు, కళ్ళజోడు లేకుండా దగ్గరికి రాకూడదు. దీనికీ పిచ్చి పనులు చేస్తే దెబ్బ తగులుతుంది, కాదనను.

అసలు గొప్పతనం ఎగిరాక తెలుస్తుంది. రాకెట్ దిగి చేతికొస్తుంది. అదే రాకెట్, అదే సీసా, అదే ప్రెజర్. ఒక్కటి మారిస్తే నిజంగా ఒక్కటే మారుతుంది. మొదట్లో అది ప్రతిసారీ నది వైపు వంగిపోయేది. గాలి వల్లా, రెక్కల వల్లా, లాంచర్ వల్లా? కుర్రాళ్ళు వాదించుకుంటుంటే, రాకెట్‌ని లాంచర్ మీద సగం చుట్టు తిప్పి పెట్టమన్నాను. వంపు కూడా అవతలి వైపు తిరిగితే తప్పు రాకెట్‌లో ఉన్నట్టు. మళ్ళీ నది వైపే పోతే గాలో, లాంచరో. అవతలి వైపు తిరిగింది. రెక్కలు కొలిచి చూస్తే ఒకటి పక్కకి అతికి ఉంది. సరిచేశాక నిటారుగా పోయింది. ఇది దర్యాప్తు. ఒక ప్రశ్న, ఒక పరీక్ష, ఒక జవాబు. మందు గొట్టంతో ఇలాంటి పరీక్ష ఒక్కటి చేసి చూపించండి.

నిలకడ పరీక్ష ఇంకా సులువు. బరువు కేంద్రం దగ్గర దారం కట్టి, తల చుట్టూ గిర్రున తిప్పాలి. ముక్కు ముందుకి పెట్టుకుని తిరిగితే సరే. పక్కకో వెనక్కో తిరిగితే ముక్కులో బంకమట్టి పెంచాలి, లేదా రెక్కలు పెంచాలి. బరువు కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రానికి కనీసం ఒక సీసా వెడల్పు ముందుండాలన్నది పాత నియమం. ఎత్తు కొలవడానికి 50 మీటర్ల దూరంలో ఒకడు కోణమానినికి దారం, బరువు కట్టి నిలబడతాడు. 45 డిగ్రీలు చూపిస్తే 50 మీటర్లు, దానికి వాడి కంటి ఎత్తు కలపాలి. నీళ్ళు 300 మిల్లీలీటర్ల నుంచి లీటరు దాకా మారుస్తూ గ్రాఫు గీస్తే, మూడో వంతు చుట్టుపక్కల శిఖరం వస్తుంది. ఆ గ్రాఫు గీసినవాడికి రాకెట్‌లో ఇంధనం బరువుకీ వేగానికీ ఉన్న బేరం ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇలా అన్నంత మాత్రాన మందు మోటార్లు మన కుర్రాళ్ళకి ఎప్పటికీ వద్దని కాదు. లైసెన్సు ఉన్న ఫ్యాక్టరీ చేసి, పరీక్షించి, మీద అంకె వేసిన చిన్న మోటారు కావాలి. శివకాశిలో కూరే చేతులకి కొరత లేదు, కావలసింది కొలత, సర్టిఫికెట్. ప్రైవేటు అంతరిక్ష రంగాన్ని చూసుకునే కేంద్ర సంస్థ ఇన్‌స్పేస్ విద్యార్థులకి మోడల్ రాకెట్ పోటీ పెట్టడం మొదలుపెట్టింది, మంచి పని. కానీ ఎంపికై వెళ్ళేది కొద్ది జట్లే. గుంటూరు, విజయవాడల మధ్య ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, ఒక్కదానిలోనైనా తోపు కొలిచే లోడ్ సెల్ పెట్టిన స్టాండు, అనుమతి ఉన్న మైదానం, బాధ్యత తీసుకునే మాస్టారు ఉండాలి. మెకానికల్ ల్యాబుల్లో పరీక్షల ముందు మాత్రమే దుమ్ము దులిపే యంత్రాల ఖరీదులో ఇది ఎంత? గన్నవరం విమానాల దారికి దూరంగా ఉన్న మైదానం, తీరిక ఉన్న ఒక అధికారి సంతకం, అంతకు మించి ఆకాశం నుంచి ఊడిపడాల్సింది ఏమీ లేదు.

ప్రస్తుతానికి మేం కొట్టుకుంటున్నది పారాచూట్‌తో. మందు మోటారులో లాగా దాన్ని తోసే చిన్న పేలుడు ఇందులో ఉండదు. అందుకని కీ ఇచ్చే బొమ్మలోంచి తీసిన గేరు పెట్టె ఒకటి బిగించాం. అది తిరిగి అయిపోగానే రబ్బరు బ్యాండు వదులై తలుపు తెరుచుకోవాలి. పొద్దున ఎగరేస్తే తెరుచుకుంటోంది, మధ్యాహ్నం తెరుచుకోవడం లేదు. రబ్బరు ఎండకి మెత్తబడుతోందని మా వాడి అనుమానం. లాంచ్ అప్పుడు చిమ్మిన నీళ్ళు తలుపు సందులో చేరి అతుక్కుంటోందని వాడి స్నేహితుడి అనుమానం. కానీ నీళ్ళయితే పొద్దున కూడా అతుక్కోవాలి కదా అన్నాను. పొద్దున గాలి లేదు, మధ్యాహ్నం ఎదురుగాలికి తుంపర వెనక్కి వస్తోంది అని ఆ కుర్రాడు జవాబు చెప్పాడు. సబబుగానే ఉంది. ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక రాకెట్‌కి ఐస్ డబ్బాలో దాచిన రబ్బరు, రెండోదాని తలుపు సందుకి గ్రీజు. రెండూ ఒకేదానికి పెడదామని మా వాడు అన్నాడు, ఇద్దరం కలిసి నోరు మూయించాం.